బావ కుర్చీలు, నా హైడ్రోజన్

ఆ రోజుల్లో, అంటే ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పూర్తిచేసి గోదావరిఖనిలో ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో, చదివింది ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు అన్నం అరిగేది కాదు. దొరికినవాడు మా బావ. ఆయనకు టెంట్‌హౌస్ ఉండేది. అద్దె కుర్చీలన్నీ మేడ మీద ఎండలో పడుండేవి. రుద్దితే తెల్లటి పొడి రాలేది (బొగ్గుగనులున్న మా ఊళ్లో ఏది ముట్టుకున్నా నల్లపొడే అంటాలి గదా, అక్కడే నాకు అనుమానం వచ్చింది).

"బావా, ఇది పాలీప్రొపిలీన్" అంటూ గచ్చు మీద సుద్దతో బొమ్మ గీశాను. ఈ ప్లాస్టిక్ అణువు పొడవాటి గొలుసనీ, అందులో ఒకటి విడిచి ఒక కార్బన్‌కు పక్కకొమ్మ ఉంటుందనీ, ఆ కొమ్మ మొదట్లోని హైడ్రోజన్‌కు పట్టు తక్కువనీ, ఎండా గాలీ కలిసి దాన్ని ఊడలాగితే చివరికి గొలుసే తెగి, కుర్చీ పొడి రాలి విరుగుతుందనీ చెమటలు కక్కుతూ చెప్పాను.

"మేడకు తాళమేసిన గద బామ్మర్దీ, గా హైడ్రోజన్‌ను ఎవడు గుంజుకపోతడు?" అన్నాడు బావ.

నల్లరంగు కలిపినవైతే ఎండను ఆ రంగే మింగేసి గొలుసు దాకా రానివ్వదన్నాను.

"లగ్గంల నల్ల కుర్చీలేస్తే నన్ను తంతరు!"

అంతలో బొగ్గుబాయి నుంచి రిటైరైన మా పెద్దనాన్నకు సన్మానం వచ్చింది. మనిషి భారీ, పైగా మోకాలు అప్పుడే దవాఖానలో చూపించుకున్నారు. ఇనుప కుర్చీ వెయ్యమని బతిమాలాను. బావ ప్లాస్టిక్ కుర్చీకే కొబ్బరినూనె రాసి, "చూడు, పెండ్లికొడుకు లెక్క మెరుస్తున్నది" అన్నాడు. శాలువా కప్పించుకుని పెద్దనాన్న వెనక్కి వాలారు. నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు పోయాయి. నేను పరుగెత్తేసరికి ఆయన దండతో సహా జంపఖానా మీద కూర్చుని ఉన్నారు. అదృష్టం, మోకాలికి ఏమీ కాలేదు.

"ఇన్నేండ్లు బాయిల దిగిన, ఎన్నడు గిట్ల పడలే" అన్నారాయన.

బావ నా మీదికొచ్చాడు. "నువ్వు ఇరుగుతది ఇరుగుతది అన్నవు గనకనే ఇరిగింది!"

అందరూ అవునన్నారు. మా నాయనమ్మ గుప్పెడు ఉప్పుతో దిష్టి తీసింది, పెద్దనాన్నకు కాదు, మిగిలిన కుర్చీలకు! దేనికి తల బాదుకోవాలో తెలియక నిలబడ్డాను.

ఇప్పుడు నా ఉద్యోగమే ప్లాస్టిక్ ముక్కల్ని ఎండలాంటి దీపాల కింద పెట్టి ఎంతకాలం ఓర్చుకుంటాయో చూడటం. నా మాట వింటారు కూడా. అయినా అప్పుడప్పుడు, కార్బన్‌ను ఇంకాస్త గుండ్రంగా గీస్తే బావ ఒప్పుకుంటాడని గచ్చు మీద చెరిపి మళ్లీ గీసిన ఆ పిల్లవాడు, అంటే అప్పటి నేనే, గుర్తొస్తాడు. ఒక చాయ్ ఇప్పించి, బొమ్మ బాగానే వచ్చిందని చెప్పాలనిపిస్తుంది.