రాజమణి పేరు మీద పత్తికట్టె

ఉప్పుగూడ రాజమణి పన్నెండేళ్లు ఫలక్‌నుమాలో ఒక ప్లాస్టిక్ షెడ్డులో సీసా మూతలు ఏరింది. ఇంటర్ దాకా చదివిన మనిషి. ఆ పన్నెండేళ్లలో హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా ఆమెకు పెన్ను పట్టే పని పడలేదు. ఉందానగర్ అవతల కొత్తగా వచ్చిన బొగ్గు బట్టీలో ఫోన్‌లో వివరాలు ఎక్కించేవాళ్లు కావాలని తెలియగానే, మరునాడే లోకల్ రైలెక్కి పోయింది.

పత్తి ఏరడం అయిపోయాక చేలో మిగిలే కట్టెను రైతులు అక్కడే కాల్చేస్తారు. ఈ బట్టీవాళ్లు ఆ కట్టెను ట్రాక్టర్లలో తెప్పించి, గాలి ఆడని ఇనప బట్టీలో బొగ్గు చేసి, పొడికొట్టి మళ్లీ చేలల్లోనే చల్లిస్తారు. పొగై పోవలసింది మట్టిలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. గాలికి జరిగిన ఆ మేలును, తాము వదిలే పొగకు బదులుగా లెక్క చూపుకోవడానికి, ఎక్కడో విదేశీ కంపెనీలు కొనుక్కుంటాయి. కొనేవాళ్లు బట్టీ మొహం చూడరు. ఫోన్‌లో ఎక్కిన ఫోటోలే వాళ్లకు సాక్ష్యం.

కాకినాడ నుంచి వచ్చిన మేనేజరు ఫణికుమార్ మొదటిరోజే ఇదంతా ఆమెకు ఓపిగ్గా చెప్పాడు. "ఇక్కడ ఏం జరిగిందో అక్కడివాళ్లకి తెలిసేది మీ ఫోన్ వల్లేనండీ. మీరు ఎక్కించకపోతే బండి రానట్టే."

ఆ మాట ఆమెకు బాగా పట్టింది. బండి వస్తే నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీసేది. కట్టెలో మీటరు గుచ్చి తేమ ఎంతుందో ఎక్కించేది. బండి వెంట వచ్చిన రైతు పేరు అతన్నే అడిగి, అక్షరం పోకుండా కొట్టేది. సిగ్నల్ దొరక్కపోతే ఎండలో చెయ్యెత్తి నిలబడేది. ప్రతి బండి కింద 'రాజమణి' అని దానంతటదే పడేది. రైతులు ఆమెను ఫోటోల మేడం అనేవాళ్లు. పచ్చికట్టె తెస్తే తిప్పి పంపేది.

"పచ్చిది ఏస్తే బట్టీ గుడ పొగనే ఇడుస్తది. గింత దూరం తెచ్చి ఏం ఫాయిదా అన్నా?" అనేది.

రెండో ఏడాది కంపెనీ ఊళ్లను పెంచింది, ట్రాక్టర్లను తగ్గించింది. ఎనిమిది బండ్లు తిరిగినచోట మూడే మిగిలాయి. ఫిబ్రవరి నెలాఖరున బీరయ్య అనే ముసలి రైతు బస్సు దిగి, నడుచుకుంటూ బట్టీకి వచ్చాడు. నిరుడు మొట్టమొదట కట్టె ఇచ్చిన వాళ్లలో అతనొకడు.

"ఇరవై దినాలు జూసిన బిడ్డా, మీ బండి కోసం. ఫోన్ జేస్తే ఒక్కడు ఎత్తడు. నువ్వులు ఎయ్యాలె, చేను ఖాళీ గావాలె. ఆఖరికి అగ్గి వెట్టిన" అన్నాడు.

"నాకు ఒక్కమాట చెప్పకపోతివి బాపూ."

"నీకు జెప్తే నువ్వు ట్రాక్టరు తోలుకొస్తవా?"

జాబితాలోంచి తన పేరు కొట్టెయ్యమని చెప్పి అతను వెళ్లిపోయాడు. ఆమె ఆ సంగతి ఫణికుమార్‌కు చెప్పింది. సరే చూస్తానన్నాడు.

ఆ మరుసటి వారం, కొత్త యాప్ వేయించాలంటూ అతను ఆమె ఫోన్, పాస్‌వర్డు తీసుకున్నాడు. మూడు రోజులకు తిరిగిచ్చాడు. ఆ సాయంత్రం రైలు కోసం కూర్చుని ఆమె పాత ఎంట్రీలు చూసుకుంటుంటే బీరయ్య పేరు కనబడింది. మూడు టన్నుల కట్టె వచ్చినట్టు, తేమ పదకొండు శాతం ఉన్నట్టు, నాలుగు ఫోటోలతో సహా. ఫోటోల్లో ఉన్నది బట్టీ వెనక ఎప్పుడూ ఉండే కట్టె కుప్ప. దాని మీద కప్పిన చిరిగిన నీలం టార్పాలిన్ పట్టా అంచు కూడా కనిపిస్తోంది. కింద 'రాజమణి'. ఇంకా పైకి జరిపింది. తను ఎక్కించనివి, అలాంటి బండ్లు అరవై రెండు. రైలు వచ్చి వెళ్లిపోయింది. ఆమె ఎక్కలేదు.

పొద్దున్నే ఫోన్ తీసుకెళ్లి ఫణికుమార్ ముందు పెట్టింది. అతను బుకాయించలేదు.

"టార్గెట్ అందలేదండీ. వచ్చే సీజన్లో ఆ కట్టె నిజంగానే తెచ్చేద్దాం, సరిపోతుంది."

"నా పేరు మీద ఎందుకు ఎక్కించిన్రు సార్?"

"మీ ఎంట్రీల్లో ఇంతవరకు ఒక్క తప్పు రాలేదు. మీ పేరుంటే చెకింగ్‌లో ఎవరూ ఆగి చూడరు." అతను ఆ మాట మెచ్చుకోలుగానే అన్నాడు.

ఇంట్లో భర్త అంజన్నకు చెప్పింది. అతను గోడలకు రంగులేసే పనివాడు. "నీకెందుకే గా లొల్లి? జీతం టైముకు ఇస్తున్నరు గదా. నౌకరి పోతే మల్ల మూతలేర్తవా?"

"మూతలన్న నిజంగ ఏరిన" అంది రాజమణి.

ఏప్రిల్‌లో, లెక్కలు సరిచూసే బయటి సంస్థ తరఫున రాగసుధ అనే ఆవిడ తనిఖీకి వచ్చింది. ఫణికుమార్ భోజనానికి వెళ్లిన సమయం చూసి రాజమణి ఆవిడకు అంతా చెప్పింది. కుప్పను చూపించింది, నీలం పట్టాను చూపించింది. రాగసుధ శ్రద్ధగా రాసుకుంది. తన కారులోనే ఆమెను బీరయ్య చేనుకు తీసుకెళ్లింది. నువ్వుల మొక్కలు మోకాలెత్తు ఉన్నాయి. సాళ్ల మధ్య మట్టికి ఇంకా మసి అంటుకునే ఉంది. గట్టు పొడుగునా కాలిన పత్తి మోళ్లు. బీరయ్య జరిగింది జరిగినట్టు చెప్పాడు. రాగసుధ ఫోటోలు తీసుకుంది. ఆ రోజు ఇంటికి వెళ్లేటప్పుడు రాజమణికి చాన్నాళ్ల తర్వాత ఆకలేసింది.

మే నెలలో రిపోర్టు వచ్చింది. ఫీల్డ్ ఆపరేటర్ రాజమణి తప్పుడు నమోదులు చేసిందని, ఆ అరవై రెండు బండ్లు కొట్టేశామని, మిగతావన్నీ సక్రమంగా ఉన్నాయని, ఆపరేటర్‌ను తొలగించి కంపెనీ లోపాన్ని సరిదిద్దుకుందని. ఆ కాగితం ఆమె చేతికిచ్చి ఫణికుమార్ ఐడీ కార్డు అడిగాడు. ఆమె మెడలోంచి తీసి టేబుల్ మీద పెట్టింది.

గేటు బయటి నుంచే రాగసుధకు ఫోన్ చేసింది.

"నేను జెప్పింది రాసిన్రా మేడం?"

"రాశానండీ. కానీ ఎక్కించింది ఎవరనడానికి రుజువు కావాలి కదా. ఫోన్ మీది, లాగిన్ మీది. మేనేజరు గారి పేరు ఎక్కడా లేదు. పాస్‌వర్డు ఇవ్వడం కూడా మీ తప్పు కిందికే వస్తుంది."

"మరి మీరు చేను జూసిన్రు. బీరయ్య చెప్పంగ ఇన్నరు."

"అందుకే ఆయన మూడు టన్నులు తీసేయించాను."

"కాలింది గదా మేడం. గా పొగ ఎక్కడ రాసిన్రు?"

"చేలో కాల్చిన దానికి మా ఫారంలో గడి లేదండీ" అంది రాగసుధ.

తర్వాత రాజమణి కిషన్‌బాగ్ దగ్గర కూరగాయల చెత్తతో గ్యాస్ చేసే ఇంకో కంపెనీకి వెళ్లింది. అక్కడా ఫోన్ పనే. వాళ్లు ఆమె నంబరు కొట్టగానే తెర ఎర్రగా మారి, 'తప్పుడు నమోదులు' అని పడింది. వాళ్లూ ఆ యాప్‌నే వాడుతున్నారు. "పాత కంపెనీతో మాట్లాడుకుని రండి" అన్నారు. ఎవరితో ఏం మాట్లాడాలో ఆమెకు తెలియలేదు. ఇప్పుడు ఒక ఫంక్షన్ హాలులో వంటపాత్రలు తోముతోంది.

వానలు మొదలయ్యాక ఒకరోజు, డేగిసా తోముతుండగా బీరయ్య ఫోన్ చేశాడు.

"బట్టీల కెల్లి కొత్త పిల్ల వచ్చింది బిడ్డా. మంచిగ మాట్లాడుతుంది. ఈ ఏడు పక్కాగ బండి పంపిస్తరట. సంతకం వెట్టమంటుంది. పెట్టాల్నా?"

"నీ ఇష్టం బాపూ. గా పిల్లకు మాత్రం ఒక్కమాట జెప్పు. ఫోన్ ఎవ్వరికి ఇయ్యొద్దను."

"నువ్వే జెప్పరాదూ? గిక్కడ్నే ఉంది, ఇస్త" అన్నాడతను.

అవతల ఫోన్ చేతులు మారిన చప్పుడు. "హలో, ఎవరండీ?" అని ఒక లేత గొంతు. తన పేరు చెబితే ఆ పిల్లకు ముందుగా ఆ అరవై రెండు బండ్లే గుర్తొస్తాయని రాజమణికి తెలుసు. తడి చేతిని చీరకు తుడుచుకుని, ఫోన్ పెట్టేసింది.