గ్లాసెడు పాలు

బ్యాటరీల ఫ్యాక్టరీలో సీసం కరిగించే ఆయన్ని అందరూ పాల బాబాయ్ అంటారు. షిఫ్టు దిగగానే కంపెనీ ఇచ్చే గ్లాసెడు పాలు నిలబడే తాగేసి, మూతి తుడుచుకుని, వద్దన్నవాళ్ల గ్లాసులు కూడా ఖాళీ చేస్తాడు. లోపలికి పోయిన దుమ్మునంతా పాలే కడిగేస్తాయని చేరిన రోజునే సూపర్‌వైజర్ చెప్పాడు మరి. ఇరవై రెండేళ్లలో పొట్ట ముందుకొచ్చింది, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. అయినా సిగరెట్ కాల్చేవాళ్లు కనిపిస్తే చాలు, "ఒళ్లు గుల్ల చేసుకుంటున్నార్రా!" అని తిట్టిపోస్తాడు.

మొన్న చేతులు వణికి చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతుంటే భార్య ఆసుపత్రికి లాక్కెళ్లింది. రక్తం నిండా సీసమేనని, కిడ్నీలు దెబ్బతిన్నాయని డాక్టరమ్మ చెప్పింది. "రోజూ పాలు తాగుతున్నానమ్మా!" అన్నాడు, చేయని తప్పుకి దెబ్బలు తిన్న పిల్లాడిలా. "పాలతో సీసం పోదండీ. మీకు మాస్కు ఇవ్వలేదా?" అందావిడ. మర్నాడు పాలు పంచే వేళకి సూపర్‌వైజర్ ఎప్పటిలాగే గుమ్మం దగ్గరే ఆగి, ముక్కు మీది మాస్కు సర్దుకుంటూ, "ఏం బాబాయ్, ఇవాళ తాగలేదేం?" అని అడిగాడు. బాబాయ్ నెమ్మదిగా వెళ్లి తన గ్లాసు ఆయన చేతిలో పెట్టాడు.

"ఇవాళ ఆ మాస్కు తీసేసి, ఇవి మీరు తాగండి సార్."