బల్ల ఖాళీగానే ఉంది

మా చిన్నప్పుడు... మా సూర్యాపేటకు రైలు లేదు. రైలు వాళ్ళు నడిపే బస్సు వచ్చేది. దాన్నే సగం రైలు అనుకుని మురిసిపోయేవాళ్ళం. అసలు రైలెక్కాలంటే ఖమ్మం పోవాల్సిందే.

రజాకార్ల గొడవ సద్దుమణిగిన మరుసటేడు... మానుకోటలో మా అక్కకు రెండో కాన్పయిందని కబురొచ్చింది. నాయనా నేనూ బయలుదేరాం. గొర్లు కాసుకునే మనిషి మా నాయన. రైలెక్కడం ఇద్దరికీ అదే మొదలు. నాయన పక్కన, కిటికీ దగ్గర కూర్చోవాలని దారిపొడుగునా నాకొకటే ఆశ.

పెట్టెలోకి అడుగుపెట్టామో లేదో నాయన చెప్పులు విప్పి చేత పట్టుకున్నాడు. ఎందుకా అని చూస్తే... ఒక బల్ల మీద మా ఊరి పట్వారీ! భూముల లెక్కలన్నీ ఆయన చేతిలోనే ఉండేవి. ఊళ్ళో ఆయన ముందు మావాళ్ళెవరూ మంచం మీద కూర్చునేవారు కాదు. నాయన రైల్లోనూ అదే చేశాడు. ఎదురు బల్ల ఖాళీగా ఉన్నా కింద కూలబడి, నన్నూ లాగి కూర్చోబెట్టాడు.

టికెట్లు చూసేందుకు నల్లకోటాయన వచ్చాడు.

"టికెట్ తీసుకున్నవ్ గదా, పైన కూసో."

"నీ బాంచెన్ దొరా... మాకు గీడనే మంచిగున్నది."

పెట్టెలో జనం గొల్లున నవ్వారు. పట్వారీ నవ్వలేదు, కూర్చోమనీ అనలేదు... ఖాళీ బల్ల మీదికి కాళ్ళు చాపుకున్నాడు. ఆ కాళ్ళు సరిగ్గా నా మొహం ముందు. సిగ్గుతో చచ్చిపోయాను.

డోర్నకల్‌లో పట్వారీ దిగిపోయాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"నాయనా, దిగిపోయిండు. ఇగ పైన కూసుందాం."

నాయన తలుపు వైపు చూశాడు. "ఉండనీ బిడ్డా... మళ్ళ ఎక్కుతడేమో."

మానుకోట దాకా ఆ బల్ల ఖాళీగానే ఉంది.

సూర్యాపేటకు ఇప్పటికీ రైలు లేదు గానీ మిర్యాలగూడకు వచ్చింది. మొన్న మనవరాలితో కలిసి అక్కడ రైలెక్కాను. సీటు కోసం తోసుకుంటున్న జనంలో ఎవరు దొరో ఎవరు కాదో తెలియలేదు. ఎంత సంతోషమేసిందో! అంతలో తెల్లబట్టల పెద్దమనిషి ఒకాయన ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. నాకు తెలియకుండానే నా కాళ్ళు ముడుచుకుపోయాయి. ఎనభై దాటిన దాన్ని... మనవరాలి ముందు.

మీ ఇంట్లో మొదటిసారి రైలెక్కినవాళ్ళు ఎక్కడ కూర్చున్నారో... ఎప్పుడైనా అడిగారా?