బంద్‌ల నడుమ ఎంసెట్

ఆ ఏడాది మా కోచింగ్ సెంటర్ తెరిచిన రోజులకంటే మూసిన రోజులే ఎక్కువనిపించేది. తెలంగాణ ఉద్యమం ఊపు మీద ఉంది. ఒకరోజు బంద్, మరో రోజు రాస్తారోకో. నేను మెడిసిన్ సీటు కోసం ఎంసెట్‌కు చదువుతున్నాను. కోచింగ్ కూకట్‌పల్లిలో, మా ఇల్లు నానక్‌రామ్‌గూడ పాత ఊళ్లో. చుట్టూ అద్దాల భవనాలు లేస్తున్నా మా గల్లీలో ఇంకా బర్రెలు దారికడ్డంగా పడుకునేవి. షేర్ ఆటోలు నడిస్తేనే నాకు క్లాసు.

నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు. అన్న డిగ్రీ పూర్తిచేసి, ఎక్కడా ఉద్యోగం దొరక్క, ఉద్యమంలో తిరిగేవాడు. ఆదివారం అమ్మా నేనూ చర్చికి వెళ్తే, అన్న మీటింగుకు వెళ్లేవాడు.

కోచింగ్‌లో నా పక్కన కూర్చునే అమ్మాయిది గుంటూరు వైపు కుటుంబం. వాళ్ల నాన్న అక్కడే కూకట్‌పల్లి కాలనీలో కర్రీ పాయింట్ నడిపేవాడు. టెస్టు ఏదైనా క్లాసులో ఫస్ట్ ఆమే. పరీక్ష దగ్గరపడ్డాక ఒకరోజు దిగాలుగా అంది.

"ఇంట్లో చదవలేకపోతున్నానే. పొద్దున లేస్తే ఒకటే మాట, ఇక్కడే ఉందామా, ఊరెళ్లిపోదామా అని. చుట్టాలేమో రోజూ ఫోన్లు."

ఈ సంగతి అమ్మకు చెప్పాను. "తోలుకరా బిడ్డా. ఇద్దరు కల్సి చదువుకోండ్రి" అంది అమ్మ. మా ఇద్దరికీ పరీక్ష సెంటర్ గచ్చిబౌలిలోనే పడింది. ఆ రోజు బంద్ అయినా మా ఇంటినుంచైతే నడిచి పోవచ్చు. వాళ్ల నాన్న ఒక పట్టాన ఒప్పుకోలేదు. అమ్మ ఫోన్లో మాట్లాడాక, ఆయనే స్కూటర్ మీద తెచ్చి దింపి వెళ్లాడు.

మొదటి సాయంత్రమే గొడవైంది. అన్నం తింటూ అన్న అడిగాడు.

"లోకల్ కింద రాస్తున్నవా, నాన్ లోకల్ కిందనా?"

"లోకలే అన్నయ్యా. ఆరో తరగతి నుంచీ ఇక్కడే చదివాను కదా."

"గట్లనా. అందరు గిట్లనే లోకల్ అయితే ఇగ మా సీట్లు మాకెట్ల ఉంటయి?"

ఆమె కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. తలెత్తకుండానే అంది. "గుంటూరు వెళ్తే నన్ను నాన్ లోకల్ అంటారు. ఇక్కడ మీరు కాదంటున్నారు. మరి నేనెక్కడ రాయాలి అన్నయ్యా?"

"తినేకాడ లొల్లి పెట్టకురా" అని అమ్మ అన్నను కసిరింది. "నీకు కొలువు రాకుంటే గీ పిల్ల ఏం జేసింది?"

అన్న చెయ్యి కడుక్కుని బయటికి పోయాడు. నాకు ఇద్దరి మాటా నిజమే అనిపించింది. అన్న ఎన్ని పరీక్షలు రాసి ఖాళీ చేతులతో వచ్చాడో నేను చూశాను. ఈమె ఎంత కష్టపడుతుందో కూడా చూస్తున్నాను. లేచి పళ్లేలు తీశాను.

మర్నాడు ఆమె వెళ్లిపోతానంది. బస్సుల్లేక ఆగింది. ఆ తర్వాత మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఆమె నాకు ఫిజిక్స్ చెప్పేది, నేను ఆమెచేత బోటనీ అప్పజెప్పించుకునేదాన్ని. అన్న ఆమెతో మాట్లాడేవాడు కాదు గానీ, మేం చదువుతుంటే టీవీ పెట్టడం మానేశాడు. వార్తలు చూడ్డానికి హోటల్‌కు వెళ్లేవాడు.

పరీక్షకు ముందు పెద్ద ఊరేగింపు జరిగింది. అమ్మ డ్యూటీలో ఉంది. మధ్యాహ్నం మేం జువాలజీలో రక్త ప్రసరణ చదువుకుంటున్నాం. గేటు చప్పుడైతే చూశాను. అన్న వాకిట్లో నిలబడి ఉన్నాడు. నెత్తిమీంచి కారిన రక్తంతో చొక్కా ఒక పక్కంతా తడిసిపోయింది. తోపులాటలో కాలు జారి ఇనుప బారికేడ్ మీద పడ్డాడట.

"ఏం కాలె, ఫికర్ చెయ్యకు" అంటూనే మెట్టు మీద కూలబడ్డాడు.

నా వెనక దబ్బుమని చప్పుడైంది. గుండె గదుల పేర్లన్నీ నోటికి వచ్చిన నా స్నేహితురాలు గోడకు జారబడి కూర్చుంది. ముఖం తెల్లగా పాలిపోయింది.

 అమ్మకు ఫోన్ చేశాను. "తలకాయ మీద చిన్న దెబ్బకే మస్తు రక్తమొస్తది. సాఫ్ బట్ట పెట్టి గట్టిగ అదిమి పట్టు. చెయ్యి తియ్యకు. నేనొస్తున్న" అంది. ఉతికిన తువ్వాలు మడిచి అదిమి పట్టుకున్నాను. వేళ్ల కింద వెచ్చగా తడి తగులుతుంటే భయమేసింది. అయినా చెయ్యి తియ్యలేదు. కాసేపటికి ఆమె గోడ పట్టుకుని లేచి, లోపలికెళ్లి నీళ్లు తెచ్చింది. రక్తం వైపు చూడకుండా తల పక్కకు తిప్పుకుని, గ్లాసు అన్న నోటికి అందించింది.

"గిట్లయితే డాక్టరెట్లయితవమ్మా?" అన్నాడు అన్న. అంత నొప్పిలోనూ నవ్వాడు. ఆమె మాత్రం ఏడ్చేసింది.

అమ్మ వచ్చి గాయం చూసి, అన్నను ఆటోలో తీసుకెళ్లి కుట్లు వేయించింది. తిరిగొచ్చాక నా స్నేహితురాలి పక్కన కూర్చుని చెప్పింది.

"నేను సుత నర్సింగుల చేరినప్పుడు కండ్లు తిరిగి పడ్డ బిడ్డా. ఒక్కసారి గాదు. అలవాటైతది. నువ్వు భయపడుకుంటనే నీళ్లు తెచ్చినవు జూడు, అది చాలు."

సాయంత్రం వాళ్ల నాన్న పులిహోర డబ్బాతో వచ్చాడు. అన్న తలకు కట్టు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏమైంది బాబూ?"

"జర తాకింది అంకుల్."

ఆయన కుర్చీలో కూర్చుని, చేతులు నలుపుకుంటూ అడిగాడు. "ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకు బాబూ. రాష్ట్రం వస్తే మమ్మల్ని వెళ్లిపొమ్మంటారా?"

అన్న తలకట్టు సర్దుకున్నాడు. "మిమ్మల్నెందుకు పొమ్మంట అంకుల్? మా కొలువులు మాకు రావాలంటున్న, గంతే" అన్నాడు. తర్వాత ఆమె వైపు చూసి, "పరీక్ష దినం బంద్ ఉన్నా సెంటర్‌దాంక నేనే తోలుకపోత" అన్నాడు.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. అమ్మ అందరికీ పులిహోర వడ్డించింది.

పరీక్ష రోజు బంద్ లేదు. అన్న అయినా వెంట వచ్చాడు. ఫలితాల్లో ఆమెకు మంచి ర్యాంకు వచ్చింది, ప్రభుత్వ కాలేజీలో సీటు దొరికింది. నాకు ఆ సారీ రాలేదు, మరుసటేడూ రాలేదు. మొదటిసారి ఏడ్చాను. రెండోసారి అమ్మ చదివిన చదువే చదువుతానని చెప్పాను. అమ్మ సంతోషించిందో బాధపడిందో ముఖం చూసి పోల్చుకోలేకపోయాను. "నిలబడి నిలబడి కాళ్లు గుంజుతయి, ఆలోచించుకో" అని మాత్రం అంది. నేను నర్సింగులో చేరాను. కాళ్లు గుంజుతున్న మాట నిజమే గానీ, ఆ పని నాకు నచ్చింది.

ఆమె మూడో ఏడాదిలో ఉండగా రాష్ట్రం వచ్చింది. మా గల్లీలో డప్పులు, పటాకులు. ఆమె కుటుంబం ఊరెళ్లిపోలేదు, పక్క షాపు కూడా తీసుకుని కర్రీ పాయింట్‌ను పెద్దది చేసింది. అన్నకు సర్కారు కొలువు రావడానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది. ఈలోపు మా ఊరి పక్కనే లేచిన ఒక ఆఫీసులో పనిచేశాడు. ఆమె ఇప్పుడు సర్జన్. ఆపరేషన్ థియేటర్లో మొదటి ఏడాదంతా గోడకు దగ్గరగా నిలబడేదాన్నని తన జూనియర్లకు తనే చెప్పుకుంటుంది.