గోడ లేని కొలత

యాక్సిడెంట్ తర్వాత నా కుడి మోకాలు వంగదు. నంద్యాలలో కరాటేకు పోతే మూడో రోజే పక్కన కూర్చోబెట్టారు. ఇదీ కుదరకపోతే మానేద్దామని, విసుగుతోనే ఆళ్లగడ్డలో కర్రసాము నేర్పే పెద్దాయన దగ్గరికి పోయాను. కర్ర చెవి ఎత్తుండాలని విని, ఇంట్లో గోడకు ఆనుకొని కొలిచి కోసుకొచ్చాను.

తిప్పితే అది నేలకు తగిలింది.

"గోడకానుకొని కొల్చినావా అప్పా? కొట్లాటకు గోడ గూడా తెచ్చుకుంటావా? నువ్వు రోజూ నిలబడే మాదిరి ఈడ నిలబడు," అన్నాడాయన.

నిలబడితే ఎప్పటిలాగే ఒక పక్కకు ఒరిగాను. ఆయన కర్రను నా పక్కన నిలబెట్టి, చెవి ఎత్తున దానిమీద గీత గీసి, పైనున్న రెండు వేళ్లంత ముక్క కోసేశాడు.

"మోకాలు మడవాలని చూడాకు. నడుం తిప్పు."

ఈసారి కర్ర నేలను తాకలేదు. ఒళ్లు అలిసిపోయింది గానీ, మర్నాడు మళ్లీ రావాలనిపించింది.