కంచు వదిన

దర్జీ పని చేసే వదినకు నోరూ చేతులూ ఒక్క క్షణం ఊరుకోవు. గుండుసూదులు పళ్ళ మధ్య పెట్టుకుని కూడా కబుర్లు చెబుతుంది. అలాంటి మనిషిని బొమ్మలు చేసే మరిది ఎదురుగా కూర్చోబెట్టుకుని "కదలకు వదినా" అన్నాడంటే వాడి తెలివికి దండం పెట్టాలి. మున్సిపాలిటీ కొత్త భవనం ముందు పెట్టడానికి 'ఆదర్శ పౌరురాలు' కావాలట! రెండు నిమిషాలకే ఆమె లేచి, మట్టిబొమ్మకు భుజం దగ్గర కుట్టు వంకరగా వేశావని వాడికి క్లాసు పీకింది.

"అసలు నువ్వెక్కడైనా కుదురుగా కూర్చుంటావా తల్లీ?" అన్నాడు మరిది తల పట్టుకుని.

"ఎందుకు కూర్చోనూ? మున్సిపాలిటీ ఆఫీసులో కూర్చుంటా."

నిజమే. కుళాయి కోసం దరఖాస్తు పెట్టి పదకొండు నెలలు. వీధి చివరి పంపు నుంచి రెండో అంతస్తుకు బిందెలు మోసి మోసి మోకాళ్ళు అరిగిపోయాయి. ఇంకో ఏడాది మోస్తే మంచాన పడతావని డాక్టరు తేల్చి చెప్పాడు. అందుకే వారానికి మూడు రోజులు గుమాస్తా కిటికీ ఎదుట, పెన్షన్ కోసం తిరిగే తాత పక్కన, ఫైలు ఒళ్ళో పెట్టుకుని, బెంచీకి అతుక్కుపోయేది. పిలిచినప్పుడు పలకకపోతే ఫైలు అడుక్కి పోతుంది మరి!

మరిది నాలుగు రోజులు ఎదుటి బెంచీలో చేరి, మట్టిలో ఆమె నమూనా చేసుకున్నాడు. "ఆహా, ఏం ప్రశాంతత!" అని పెద్ద అధికారి మురిసిపోయాడు. గుమాస్తా కూడా తలూపాడు. పదకొండు నెలలుగా ఎదురుగా ఉన్న మనిషిని ఒక్కడు పోల్చుకుంటే ఒట్టు! ముఖం చూసి చస్తే కదా.

కంచులో పోతపోసి, బొమ్మను సరిగ్గా గుమాస్తా కిటికీ వైపు తిప్పి కూర్చోబెట్టారు. ఊరు మాత్రం గంటలో పోల్చేసింది. వచ్చేపోయే వాళ్ళంతా బొమ్మ దగ్గర ఆగి, "ఏమ్మా, కుళాయి రాలేదా ఇంకా?" అని కిటికీలోకి వినబడేలా అడగడమే. మర్నాటికి బొమ్మ పక్కన ఖాళీ బిందె వెలిసింది. ఎవరు పెట్టారో దేవుడికెరుక. బిందె మాత్రం వదినవాళ్ళింటిది.

నాలుగో రోజు కుళాయి వచ్చింది. వదిన తిప్పింది, నీళ్ళు దూకాయి. ఆమె పట్టలేని సంతోషంతో అక్కడే చతికిలబడి భోరున ఏడ్చింది.

సాయంత్రం గుమాస్తా స్వయంగా వచ్చాడు. "మా ఇంట్లో పిల్లలు కూడా నవ్వుతున్నారమ్మా. మీ పని అయిపోయిందిగా, మీ మరిదికి చెప్పి ఆ బొమ్మను తీయించండి."

"పెన్షన్ కోసం తిరిగే తాతకు వచ్చిందా?"

"ఇంకా... పరిశీలనలో ఉందమ్మా."

"అయితే నేనక్కణ్ణుంచి లేవను బాబూ," అంది వదిన.