మైల లేదన్న పిల్ల

“మేడం, రేపు మా మామ పదో దినం. పిల్ల మా అందరికన్న గట్టిగ మైల పడుతున్నది. నాకు భయమైతున్నది. మీరు జర రారా?”

బోధన్ అవతలి పల్లె నుంచి వచ్చిన ఆ ఫోన్‌కు, నిజామాబాద్‌లో మా ఆఫీసు మెట్ల మీద నిలబడి వెంటనే సరేనన్నాను. వెళ్లి ఏం చేయాలో నాకు తెలియదన్న సంగతి సరేనన్న తర్వాత గుర్తొచ్చింది.

దత్తత తీసుకున్న ఇళ్లకు వెళ్లడం, ఆ సంగతి పిల్లలతో మాట్లాడేటప్పుడు తల్లిదండ్రులకు తోడుగా కూర్చోవడం నా పని. దత్తతకూ తత్తరకూ అట్టే దూరం లేదని ఈ పనిలోకి వచ్చాకే తెలిసింది. ఆ పిల్ల ఆ ఇంటికి పది నెలల వయసులో వచ్చింది. ఇప్పుడు తొమ్మిదేళ్లు నిండాయి. మూడో ఏటి నుంచీ చెప్పమంటున్నాను. “చెప్తం మేడం, బడిల ఏసినంక,” అన్నారు. వేశారు. “బతుకమ్మ పండుగ పోనియ్యిండ్రి,” అన్నారు. పండుగలు పోతూనే ఉన్నాయి. వెళ్లిన ప్రతిసారీ ‘కుటుంబం సిద్ధమవుతోంది’ అని రాసుకుని, వాళ్లిచ్చిన చాయ్ తాగి వచ్చేదాన్ని. ఆరేళ్లు ఒకే వాక్యం రాసిన రచయిత్రిని నేను.

బస్సెక్కాక ఆ తల్లి మళ్లీ ఫోన్ చేసి జరిగింది చెప్పింది. తాత పోయిన అయిదో రోజున పక్కింటివాళ్లు జీపు మాట్లాడుకుని లింబాద్రి గుట్ట జాతరకు బయలుదేరారు. పిల్ల స్నేహితురాలూ అందులో ఉంది. మైల ఉన్న ఇంటివాళ్లు గుడి మెట్లు ఎక్కకూడదు. పిల్ల గడప మీద కూర్చుని ఏడుస్తుంటే మేనత్తకు జాలేసింది. తండ్రికి అక్క ఆవిడ. చావు కబురు విని వచ్చి ఇక్కడే ఉండిపోయింది. “దానికి మనింటి మైలెక్కడిది? పోనియ్యిండ్రి, పాపం,” అంది, నిండు వాకిట్లో.

పిల్ల కొత్త గౌను వేసుకుని జీపెక్కింది. సాయంత్రం వచ్చి, ప్రసాదం పొట్లం విప్పకుండానే, “నాకెందుకు మైల లేదు?” అని అడిగింది. ఎవరూ చెప్పలేదు. అప్పటి నుంచి మంచం ఎక్కడం లేదు. పోపు పెట్టని పప్పు తప్ప తినడం లేదు. పెద్దవాళ్లు చాటుగా మిర్చి బజ్జీలు తెప్పించుకున్న రోజున కూడా ముట్టలేదట.

“రేపు పాలోళ్లందరు వస్తరు మేడం. వరసగ నిలబెట్టి నెత్తి మీద నీళ్లు పోస్తరు. పిల్ల గా వరసల నిలబడ్తనంటది. ఎవరన్న మల్ల గదే మాట అంటే?”

పాలోళ్లంటే ఒకే ఇంటిపేరు మీద బతికేవాళ్లు. రేపు పొద్దున వాళ్ల నోట వినేలోపు పిల్ల అమ్మ నోట వినాలి. మిగిలింది ఒక్క మధ్యాహ్నం.

చెరుకు నరకడం మొదలైన రోజులు. మా బస్సు చెరుకు ట్రాక్టర్ వెనక పాకుతూ పోయింది. నేను కిటికీ పక్కన కూర్చుని ఒక కథ నెమరేసుకున్నాను. పొరుగు చెట్టు కొమ్మను తెచ్చి కట్టిన అంటుమామిడి కథ. చాలా ఇళ్లలో చెప్పాను. చాలామంది తల్లులు కళ్లు తుడుచుకున్నారు.

ఆ ఇంటి ముందు చెప్పులు విడిచాను. చెప్పాల్సినవి కూడా వాటితో పాటే బయట ఉండిపోయాయి. లోపల మూలన బీడీల చేట బోర్లించి ఉంది. గడ్డం పెరిగిన తండ్రి గోడకు ఆనుకున్నాడు. ముసలామె, అంటే పోయినాయన భార్య, కొంగు కప్పుకుని కూర్చుంది. మేనత్త రేపటికి ఇస్తరాకులు లెక్కపెడుతోంది. పిల్ల నేల మీద, చాప కూడా లేకుండా.

“మీరే చెప్పుండ్రి మేడం,” తల్లి నా చెవిలో అంది. “మీకైతే మంచిగ వస్తది.”

చెప్పాల్సింది తల్లిదండ్రులు, పక్కన కూర్చోవాల్సింది నేను. మా పనిలో ఉన్న ఒకే ఒక్క నియమం ఇది. ఆ గదిలోని భయం నన్నూ పట్టింది. నియమం వదిలేసి మామిడి చెట్టెక్కాను. పిల్ల కథంతా శ్రద్ధగా విన్నది.

“నేను మామిడి చెట్టు గాదు గద మేడం,” అంది. “మా తాత సచ్చిపోతే నాకు మైలున్నదా, లేదా?”

 

“గవన్ని నీకెందుకు బిడ్డా,” అంది మేనత్త. “బయటికి పోయి ఆడుకో, పో.”

“నువ్వే అన్నవ్ గద అత్తా, లేదని.”

“జాలి పడి అన్న తల్లీ.”

“జాలి ఎందుకు పడ్డవ్?”

ఆకుల లెక్క ఆగిపోయింది. తండ్రి ఇంటికప్పు కేసి చూశాడు. నేను తల్లి వైపు చూశాను. ఆమె లేచి వచ్చి పిల్ల ఎదురుగా నేల మీద కూర్చుంది. 

“నిన్ను నేను కనలే బిడ్డా.”

తల్లి అక్కడితో ఆపలేదు.

“పది నెలల పిల్లవు. ఆఫీసోళ్లు తెచ్చి నా చేతుల పెట్టిండ్రు. నా కొంగు పట్టినవ్, ఇగ ఇడ్వలే. మీ తాత మనకోసం బస్టాండుల ఎండల నిలబడ్డడు. గొడుగు నీ మీద పట్టి, ఇంటి దాంక ఆయన ఎండలనే నడిచిండు.”

“అందరికి ఎరికేనా?”

“ఎరికే.”

“నాకొక్కదానికే ఎరిక లేదా?”

“తప్పు మాది బిడ్డా,” అన్నాడు తండ్రి. నాది కూడా అన్నాను. ఆరేళ్లలో ఆ ఇంట్లో నేను పలికిన మొదటి పనికొచ్చే మాట అదే.

పిల్ల ఏడుస్తుందని అందరం ఎదురుచూశాం. ఏడవలేదు. “మరి మైల?” అని మళ్లీ మొదటికొచ్చింది.

అప్పుడు మాట్లాడింది ముసలామె. పిల్లతో కాదు, తన కూతురైన ఆ మేనత్తతో.

“ఏమే, రేపు నువ్వు వరసల నిలబడ్తవా?”

“నిలబడనా మరి? మా బాపు గాదా!”

“నీ మైల మూడు దినాలకే పోయింది. పెండ్లయిన ఆడిపిల్లవు, వేరే ఇంటిదానివి. గిది గీ ఇంటి పిల్ల. అయిదో దినం సంది అందరికన్న గట్టిగ పడుతున్నది. మైల దీనికున్నది. లేంది నీకే.”

ఆచారం ప్రకారం తప్పు పట్టడానికి లేదు. మా నాన్న పోయినప్పుడు నాకూ మూడు రోజులే. నాలుగో రోజు ఆఫీసుకు వెళ్లి ఎవరింటి సంగతో రాసుకుంటూ కూర్చున్నాను. మేనత్త ముఖం చూస్తే ఆ రోజు గుర్తొచ్చింది.

“గట్లనకే అవ్వా,” అని ఆమె ఇస్తరాకుల మీదే వంగి ఏడ్చింది. ముసలామె కొంగు ఇంకా ముందుకు లాక్కుంది. పిల్ల లేచి అత్త దగ్గరికి వెళ్లింది.

“అత్తా, నువ్వు నా ఎనక నిలబడు. జర దగ్గరికి నిలబడు. నీళ్లు నీ మీద గూడ పడ్తయి.”

బస్సు దాకా నన్ను పంపడానికి తండ్రితో పాటు పిల్ల కూడా వచ్చింది. తండ్రి నాలుగడుగులు వెనక ఉండేలా చూసుకుని అడిగింది.

“మేడం, నన్ను కన్నామెకు గూడ అమ్మా బాపు ఉంటరు గద?”

“ఉంటారమ్మా.”

“వాళ్లు సచ్చిపోతే నాకెవరు చెప్తరు?”

కథలేవీ రాలేదు, మేలు. “నాకు తెలియదు. ఎవరూ చెప్పకపోవచ్చు,” అన్నాను.

“అయితే ఇగ గుడికి పోయినప్పుడల్ల, మైలల పోయిన్నో, మంచిగనే పోయిన్నో, నాకు తెల్వనే తెల్వది.” నేను బస్సు ఎక్కేదాకా నా ముఖం కేసే చూస్తూ నిలబడింది.

మర్నాడు మధ్యాహ్నం తండ్రి ఫోన్ చేశాడు. పిల్లల వరసలో మూడోదిగా నిలబెట్టారట. ఎవరో గొణిగారు, ముసలామె చెంబు ఎత్తిపట్టి ఆ వైపే చూసిందట, గొణుగుడు ఆగింది. అత్త వెనకే నిలబడిందట. ఇద్దరూ తడిశారు.

“ఈపారి వచ్చినప్పుడు మామిడి చెట్టు కథ వద్దంట మేడం,” అన్నాడు మొహమాటంగా. “కన్నామె సంగతి కాగితం మీద ఏదన్న ఉంటే చెప్పమన్నది.”

బీరువా తెరిచి పిల్ల ఫైలు తీశాను. ఆ సంగతి గురించి ఉన్నది అర పేజీ. రెండుసార్లు చదివితే పిల్లకు చెప్పగలిగినవి రెండు వాక్యాలు తేలాయి. వాటిని వేరే కాగితం మీద ఉన్నవి ఉన్నట్టు ఎత్తి రాసుకున్నాను. నా సొంతంగా మూడోది కలపాలని చేయి ఊరుకోలేదు. పెన్ను మూత పెట్టేశాను.